మేనత్త మోసిన బిడ్డకు మేనత్త కూతురు ఏమవుతుంది?

ఋషికొండ అల
ఆదివారం, ఉదయం 10:20

మా ఇంట్లో రాఖీ పౌర్ణమి నాడు మొదలైన ఒక మాటపట్టింపు ఇప్పటికీ తెగలేదు. భాష తెలిసినవారు, చట్టం తెలిసినవారు, వరసలు తెలిసిన పెద్దలు ఇక్కడ ఉన్నారు కనుక మీ ముందు పెడుతున్నాను.

నాకు గర్భసంచి తీసివేయవలసి వచ్చింది. అండాశయాలు మాత్రం మిగిలాయి. మా వారి అక్క, అంటే మా వదిన, ఎవరూ అడగకముందే ముందుకు వచ్చి మా బిడ్డను తొమ్మిది నెలలు మోసి కన్నది. అండం నాది, బీజం మా వారిది, కడుపు ఆమెది. బాబుకు ఇప్పుడు మూడో ఏడు. వదినకు తొమ్మిదేళ్ల కూతురు ఉంది. ఆ రోజు ఆ పిల్ల మావాడి చేతికి రాఖీ కట్టబోతుండగా మా అత్తగారు ఆపి, మేనమామ కొడుక్కి రాఖీ కట్టకూడదని, వాడు బావ వరస అవుతాడని చెప్పారు. పిల్ల కాసేపు ఆలోచించి, "మా అమ్మ పొట్టలోంచే కదా వచ్చాడు, మరి తమ్ముడు ఎందుకు కాడు?" అని అడిగింది. అత్తగారి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఆ రాఖీ దేవుడి గూట్లో అలాగే ఉంది.

వాడు ఆ పిల్లకు ఏమవుతాడు? ఉన్న మాట సరిపోతుందా, కొత్త మాట కావాలా?

సీతమ్మధార మాస్టారు
ఆదివారం, ఉదయం 11:05

అమ్మా, మీ ఆడపడుచు కూతురు తనకు తెలియకుండానే వ్యుత్పత్తి చెప్పింది. సోదరుడు అంటే సమానమైన ఉదరం కలవాడు, ఒకే కడుపున పుట్టినవాడు అని అర్థం. సహోదరుడు, ఏకోదరుడు అన్నవీ అంతే. అమరకోశం మనుష్యవర్గంలో సమానోదర్య, సోదర్య, సగర్భ్య, సహజ అనే నాలుగు మాటలు ఒకే అర్థంలో పక్కపక్కన కనిపిస్తాయి. మొదటి మూడూ కడుపును పట్టుకుని పుట్టిన మాటలు. నాలుగోది కలిసి పుట్టడాన్ని చెబుతుంది. బీజం ప్రసక్తి ఒక్కదానిలోనూ లేదు. ఈ మాటలు ఏర్పడిన కాలంలో అండమూ కడుపూ ఒకే స్త్రీవి కావడం తప్ప మరో దారి లేదు కనుక, కడుపు పేరు చెబితే అన్నీ చెప్పినట్టే అయ్యేది. ఇప్పుడు ఆ రెండూ విడిపోయాయి. మాట కడుపు దగ్గరే ఉండిపోయింది, మన ఉద్దేశం మాత్రం రక్తం వెంట వెళ్లిపోయింది.

ఇక తెలుగు మాట తోబుట్టువు. తోడ పుట్టినది తోబుట్టువు. తమిళులు ఉడన్‌పిరప్పు అన్నా, కన్నడిగులు ఒడహుట్టిదవరు అన్నా ఇదే పద్ధతి. ఇందులో కడుపు పేరు కూడా లేదు. ఉన్నది తోడు మాత్రమే. కాబట్టి సంస్కృతం లెక్కన మీ వాడు ఆ పిల్లకు నిక్కమైన సోదరుడు. తెలుగు లెక్కన కొంత ఆలోచించాలి. మీ అత్తగారి లెక్కన మేనరికపు బావ.

డాబాగార్డెన్స్ వకీలు
ఆదివారం, మధ్యాహ్నం 12:40

చట్టం వైపు నుంచి ఒక విచిత్రం చెబుతాను. 2021 నాటి సరోగసీ నియంత్రణ చట్టం 2022 జనవరి 25 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం మోసే స్త్రీకి పెళ్లయి ఉండాలి, వయసు 25 నుంచి 35 ఏళ్ల మధ్య ఉండాలి, సొంత బిడ్డ ఉండాలి, జీవితంలో ఒక్కసారే మోయాలి, తన అండాన్ని ఇవ్వకూడదు. సొంత బిడ్డ ఉండాలన్న షరతును ఒకసారి జాగ్రత్తగా చూడండి. సరోగసీ ద్వారా పుట్టే ప్రతి బిడ్డకూ, తనకంటే ముందు అదే కడుపున పుట్టిన అక్కో అన్నో ఉండి తీరాలని చట్టమే నిర్ణయించినట్టయింది. అంటే మీరు పేరు వెతుకుతున్న ఈ బంధుత్వం ఏ ఒక్క ఇంటికో పరిమితమైనది కాదు, ఈ చట్టం కింద జరిగే ప్రతి సరోగసీతోనూ పుడుతుంది. దానికి పేరు మాత్రం ఎవరూ పెట్టలేదు.

ఇక హక్కుల విషయం సూటిగా ఉంది. ఎనిమిదో సెక్షన్ ప్రకారం పుట్టిన బిడ్డ కోరుకున్న దంపతుల సొంత బిడ్డే. పుట్టుకకు ముందే మెజిస్ట్రేటు ఉత్తర్వు తీసుకుంటారు కనుక తల్లిదండ్రులెవరన్నదానిపై పేచీ ఉండదు. కాబట్టి కాగితం మీద ఆ పిల్లలిద్దరూ మేనత్త, మేనమామ బిడ్డలే.

పెళ్లి వరస సంగతి అంత సూటిగా లేదు. 1955 హిందూ వివాహ చట్టం తోబుట్టువుల మధ్యనే కాదు, అన్నాచెల్లెళ్ల బిడ్డల మధ్య కూడా వివాహాన్ని నిషిద్ధ సంబంధాల్లో చేర్చింది; ఆచారం అనుమతిస్తే మాత్రం మినహాయింపు ఇచ్చింది. మన మేనరికాలన్నీ ఆ మినహాయింపు మీదే నిలబడి ఉన్నాయి. అదే చట్టం ఒకే స్త్రీకి వేర్వేరు భర్తల వల్ల కలిగిన సంతానానికి గర్భం పేరు మీదే ఒక సంబంధాన్ని నిర్వచించింది గానీ, అది వంశక్రమం ఉన్నప్పటి మాట. కడుపు మాత్రమే పంచుకున్నవారికి అది వర్తించదు. అందుచేత, ఈ ఇద్దరికీ రేపు పెళ్లి కుదురుతుందా అని ఎవరైనా అడిగితే, చట్టం తిరిగి ఆచారం వైపే వేలు చూపిస్తుంది. ఆచారం ఏమిటని అడగడానికి మనం మళ్లీ మీ అత్తగారి దగ్గరికే వెళ్లాలి.

భీమిలి పెద్దమ్మ
ఆదివారం, మధ్యాహ్నం 1:15

అమ్మాయీ, నీ సొంత అక్క మోసి ఉంటే ఈ గొడవే వచ్చేది కాదు. పెద్దమ్మ పిల్లలు, పిన్ని పిల్లలు మనకు ముందే అన్నలు, అక్కలు, తమ్ముళ్లు, చెల్లెళ్లు. కడుపు లెక్కనా తమ్ముడే, వరస లెక్కనా తమ్ముడే అయ్యేవాడు. మోసింది మేనత్త కావడం వల్ల చిక్కు వచ్చింది. మేనమామ భార్య మోసినా ఇదే చిక్కు. ఇంగ్లీషువాడికి అందరూ కజిన్లే కాబట్టి వాడికి ఈ ముడి అర్థమే కాదు. మనకు ఒక వైపు పిల్లలు తోబుట్టువులు, రెండో వైపు పిల్లలు పెళ్లి చేసుకోదగినవాళ్లు. నీ కొడుకు రెండు గట్ల మీదా ఒక్కో కాలు పెట్టి పుట్టాడు.

అప్పుఘర్ నుంచి అమెరికా
ఆదివారం, రాత్రి 8:30

నేను విశాఖ వదిలి ఫిలడెల్ఫియాలో స్థిరపడి చాలాకాలమైంది. ఇక్కడివారు ఇలాంటి మాటలు పుట్టించడంలో సిద్ధహస్తులు. 2011 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ ఆదివారపు పత్రికలో మెలనీ థర్న్‌స్ట్రమ్ అనే రచయిత్రి తన పిల్లలను ట్విబ్లింగ్స్ అని పిలిచింది. ఒకే దాత అండాలు, ఒకే తండ్రి, మోసినవారు మాత్రం ఇద్దరు స్త్రీలు, అయిదు రోజుల తేడాతో రెండు కాన్పులు. కవలలకూ తోబుట్టువులకూ మధ్య ఎక్కడో ఉన్నారు కనుక రెండు మాటలనూ కలిపి అతికించింది. ఒకే దాత వల్ల వేర్వేరు ఇళ్లలో పుట్టిన పిల్లలను డిబ్లింగ్స్ అంటారు; వాళ్లు ఒకరినొకరు వెతుక్కోవడానికి ఒక తల్లీ కొడుకూ కలిసి 2000లో ఒక నమోదు పట్టికనే ప్రారంభించారు. అయితే గమనించండి, ఈ రెండు మాటలూ బీజాన్నీ అండాన్నీ లెక్కపెట్టేవే. మోసిన తల్లి సొంత పిల్లలకు ఇంత ప్రచారం పొందిన మాట నాకు ఇక్కడా తారసపడలేదు.

మాస్టారి ఉదరం మాట చదివాక మరొకటి గుర్తుకు వచ్చింది. గ్రీకులో సోదరుణ్ణి అడెల్ఫోస్ అంటారు. దాని అర్థం కూడా ఒకే గర్భం నుంచి వచ్చినవాడనే. నేనుంటున్న ఊరి పేరులో ఉన్నది ఆ మాటే. ఆ గర్భం మాట నుంచే డాల్ఫిన్ అన్న పేరు కూడా వచ్చింది. కాబట్టి మన రేవు పక్కన ఉన్న డాల్ఫిన్స్ నోస్ కొండకూ ఈ చర్చకూ దూరపు చుట్టరికం ఉంది.

సీతమ్మధార మాస్టారు
ఆదివారం, రాత్రి 9:10

ఆ చుట్టరికం నాకు తెలియదు. ఇన్నేళ్లుగా ఆ కొండను చూస్తూనే ఉన్నాను.

పెదవాల్తేరు పాఠకుడు
ఆదివారం, రాత్రి 9:50

ఇంత వెతకడం ఎందుకు? బలరాముడి కథ ఉంది కదా. దేవకి గర్భాన్ని యోగమాయ రోహిణి కడుపులోకి మార్చింది. కృష్ణుడు ఆయనను అన్నా అనే పిలిచాడు. సమస్య తీరింది.

సీతమ్మధార మాస్టారు
ఆదివారం, రాత్రి 10:15

తీరలేదు నాయనా. సరోగసీ అనగానే అందరూ ఈ కథ చెబుతారు గానీ, అందులోని పేర్ల దగ్గర ఎవరూ ఆగరు. దేవకీ వసుదేవుల బిడ్డ అయినప్పటికీ బలరాముడికి రౌహిణేయుడనే పేరు వచ్చింది. పేరు మోసి కన్న కడుపును పట్టి వచ్చింది. ఒక గర్భం నుంచి మరొక గర్భానికి లాగబడినవాడు కనుక సంకర్షణుడన్న పేరూ ఉంది. అంటే ఆ మార్పిడిని దాచలేదు సరికదా, నామంగా పెట్టుకున్నారు. కానీ కృష్ణబలరాముల సంబంధం ఈ అమ్మాయి అడిగిన సంబంధం కాదు. వారిది ఒకే తల్లిదండ్రులు, వేర్వేరు కడుపులు. ఈమె అడిగినది ఒకే కడుపు, వేర్వేరు తల్లిదండ్రులు. ఈమె అడిగినదానికి సరిపోవాలంటే రోహిణికి అంతకుముందే ఒక కూతురు ఉండి, ఆ పిల్ల బలరాముణ్ణి ఏమని పిలిచిందో ఎవరైనా రాసి ఉండాలి.

ద్వైమాతురుడు అన్న మాట వినాయకుడికీ జరాసంధుడికీ ఉంది. ఇద్దరు తల్లులు గలవాడని అర్థం. అది మీ బాబుకు అతికినట్టు సరిపోతుంది. కానీ అది బిడ్డ పేరు, పిల్లల మధ్య వరస కాదు.

ఎంవీపీ కాలనీ వైద్యురాలు
సోమవారం, ఉదయం 7:25

వైద్యంలో మేము ఈ రెండు లెక్కలనూ విడదీసే రాస్తాము. గర్భిణి కేసు షీటు మీద ఎన్నో గర్భం, ఎన్నో కాన్పు అని రాసేటప్పుడు బీజం ఎవరిదని అడగము. మీ వదిన కేసు షీటులో కూతురు మొదటి కాన్పు అయితే, మీ బాబు రెండో కాన్పు. రేపు ఆమెకు ఏ కారణంగా ఆసుపత్రికి వెళ్లవలసి వచ్చినా రెండు కాన్పులనే చెప్పాలి. ఒకటి నా బిడ్డ కాదు కదా అని వదిలేస్తే వైద్యం పొరపాటు అవుతుంది.

శరీరం కూడా ఆ లెక్కను మరచిపోదు. గర్భస్థ శిశువు కణాలు కొన్ని తల్లి రక్తంలోకి చేరి ఏళ్ల తరబడి నిలుస్తాయి. మగబిడ్డను కన్న 27 ఏళ్ల తరువాత కూడా ఒక తల్లి రక్తంలో అలాంటి కణాలు కనిపించినట్టు 1996లో ప్రకటించారు. దీన్ని పట్టుకుని కడుపు పంచుకున్న పిల్లలు రక్తసంబంధీకులని అనడం అతిశయోక్తి, నేను అలా అనను. పోలికలు, వంశపారంపర్య వ్యాధులు, రక్తపు గ్రూపు అన్నీ బీజం, అండం నుంచే వస్తాయి.

మాస్టారికి మరొక చిక్కు. 1987లో దక్షిణాఫ్రికాలో 48 ఏళ్ల స్త్రీ తన కూతురి ముగ్గురు బిడ్డలను ఒకే కాన్పులో కన్నది. మీ ఉదరం లెక్క ప్రకారం ఆ కూతురు తన సొంత పిల్లలకు అక్క అవుతుంది.

జగదాంబ కూడలి
సోమవారం, ఉదయం 9:00

మా ఇళ్లలో ఇలాంటి చిక్కుకు పాతకాలపు దారి ఒకటి ఉంది. రెండేళ్లలోపు బిడ్డకు వేరొక స్త్రీ పాలిస్తే, ఆమె పాలతల్లి అవుతుంది, ఆమె పిల్లలు ఆ బిడ్డకు దూధ్ భాయి, దూధ్ బెహన్ అవుతారు. ఎన్నిసార్లు పాలిస్తే సంబంధం ఏర్పడుతుందన్నదానిపై ధర్మశాస్త్ర శాఖల మధ్య అభిప్రాయ భేదం ఉంది. ఏర్పడిన తరువాత మాత్రం వారి మధ్య నికాహ్ నిషిద్ధం. అయితే ఆస్తిలో వారసత్వం రాదు.

మా నానీ పక్కింటి పిల్లవాడికి పాలిచ్చింది. ఆయనను నేను మామూ అనే పిలుస్తాను. ఆయన మతం వేరు, ఇంటిపేరు వేరు. మా అమ్మ పెళ్లిలో అన్న చేయవలసిన పనులన్నీ ఆయన చేశారు. మా నానీ ఇల్లు పంచేటప్పుడు ఆయన పేరు ఎవరూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. వరస ఉంది, వాటా లేదు. వకీలుగారు చెప్పిన ఎనిమిదో సెక్షన్‌కు ఇబ్బంది లేకుండా, ఆ పిల్ల కోరిక తీరడానికి ఇలాంటి ఏర్పాటు సరిపోతుందని నాకు అనిపిస్తుంది.

డాబాగార్డెన్స్ వకీలు
సోమవారం, ఉదయం 9:20

వరస ఉంది, వాటా లేదు. మా వాళ్లు నాలుగు పేజీల్లో చెప్పేది మీరు నాలుగు మాటల్లో చెప్పారు.

గాజువాక తల్లి
సోమవారం, రాత్రి 11:40

రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నేను కొత్త చట్టం రాకముందు, 2016లో, డబ్బు తీసుకుని ఒక జంటకు బిడ్డను మోశాను. మా ఆయన చేసిన అప్పు తీర్చడానికి ఒప్పుకున్నాను. ఆ సంగతిని నేను దాచుకోను. మీరు ఎవరూ ఇక్కడ అద్దె గర్భం అన్న మాట వాడలేదు. పత్రికల్లో ఆ మాట కనిపించినప్పుడల్లా, మా వీధిలో గుమ్మానికి వేలాడే "టు లెట్" బోర్డే గుర్తుకు వస్తుంది.

నా కొడుకుకు అప్పుడు ఆరేళ్లు. పొట్ట పెరగడం చూశాడు, దాని మీద చెయ్యి వేసి కదలిక పట్టుకున్నాడు, చెల్లెలే కావాలని దేవుడికి మొక్కుకున్నాడు. నేను ఆసుపత్రి నుంచి ఒట్టి చేతులతో వచ్చినప్పుడు "పాప ఏదీ" అని అడిగాడు. వేరేవాళ్ల పాపను మోసి ఇచ్చానని చెప్పాను. మా అమ్మ మాత్రం వీధిలో అడిగినవాళ్లకు బిడ్డ దక్కలేదని చెప్పింది. ఆ అబద్ధం వాడు విన్నాడు. కొన్నాళ్లపాటు, పాప చనిపోయిందా, వాళ్లింట్లో ఉందా అని నన్ను మార్చి మార్చి అడిగేవాడు.

వాడికిప్పుడు మీసాలు వస్తున్నాయి. ఆ పాప ఎక్కడ ఉందో మాకు తెలియదు, తెలుసుకునే హక్కు కూడా మాకు లేదు, నేను కోరుకోవడమూ లేదు. కానీ వాడు ఇప్పటికీ ఆ పాప ప్రసక్తి వస్తే చెల్లెలు అనడు, పరాయి పిల్ల అని కూడా అనడు. "అమ్మ మోసిన పాప" అంటాడు. మీరు మాట కల్పించేటప్పుడు మావాడి లాంటివాళ్లకు కూడా పనికివచ్చేటట్టు చూడండి. చెల్లెలు అంటే దావా వేసినట్టు ఉంటుంది, ఏమీ కాదంటే అబద్ధం చెప్పినట్టు ఉంటుంది.

భీమిలి పెద్దమ్మ
మంగళవారం, ఉదయం 5:50

తల్లీ, నీ కొడుకు పెట్టిన పేరే బాగుంది.

పెదవాల్తేరు పాఠకుడు
మంగళవారం, ఉదయం 8:10

మొన్న తొందరపడి సమస్య తీరిందన్నందుకు క్షమించండి. నాకు తోచిన మాటలు ఇవి: సగర్భులు, గర్భసోదరులు, చూలుతోడు, మోతతమ్ముడు.

సీతమ్మధార మాస్టారు
మంగళవారం, ఉదయం 8:45

సగర్భులు అన్నది శుద్ధమైన మాటే గానీ తొమ్మిదేళ్ల పిల్ల నోట పలకదు; పైగా వినేవాడు సగర్వంగా అని పొరబడతాడు. గర్భసోదరులు అనడం పునరుక్తి, ఉదరం ఎలాగూ లోపల ఉంది. మోతతమ్ముడంటే వీధిలో బాణసంచా మోత గుర్తుకు వస్తుంది. చూలుతోడు నాకు నచ్చింది. చూలు అంటే గర్భం. చూలు, చూలాలు అన్న మాటలు వాడుకలోంచి జారిపోతున్నాయి. ఈ విధంగానైనా నిలుస్తాయేమో.

ఎంవీపీ కాలనీ వైద్యురాలు
మంగళవారం, ఉదయం 9:30

చూలు అంటే నా దగ్గరికి వచ్చే అమ్మాయిల్లో సగం మందికి తెలియదు. కాన్పు అంటే అందరికీ తెలుసు. అరకు నుంచి వచ్చినా, అనకాపల్లి నుంచి వచ్చినా, ఇది ఎన్నో కాన్పు అనే అడుగుతాము. కాన్పుతమ్ముడు, కాన్పుచెల్లెలు అనవచ్చు కదా? గాజువాక తల్లిగారి అబ్బాయికి కూడా సరిపోతుంది. మా అమ్మ కాన్పు అన్నది జరిగిన సంగతి మాత్రమే చెబుతుంది. బిడ్డ మాదేనని అనదు.

సీతమ్మధార మాస్టారు
మంగళవారం, ఉదయం 10:05

బాగుంది. వ్యాకరణానికి కూడా అడ్డు లేదు. అన్నయూ తమ్ముడూ అని ద్వంద్వం చేస్తే త ద అయి అన్నదమ్ములు అవుతుంది. ఇది కాన్పు చేత తమ్ముడు, తత్పురుషం. కనుక త అలాగే ఉంటుంది. కాన్పుదమ్ముడు అని ఎవరూ రాయకండి.

భీమిలి పెద్దమ్మ
మంగళవారం, ఉదయం 10:40

మాట కుదిరింది. కానీ పిల్ల వాడిని పిలిచేటప్పుడు కాన్పుతమ్ముడూ అని పిలవదు కదా. పేరు పెట్టో, ఒరేయ్ అనో పిలుస్తుంది. వాడు మాటలొచ్చాక దాన్ని అక్కా అంటాడా, వదినా అంటాడా? అత్తగారు ఒప్పుకోవలసింది అక్కడ.

ఋషికొండ అల
గురువారం, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. ఈ చర్చ మొత్తం వదినకు చదివి వినిపించాను. గాజువాక తల్లిగారు రాసినది రెండుసార్లు చదివించుకుంది. తరువాత ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్లి, పప్పు ఏరుతున్న అత్తగారి పక్కన కూర్చుంది.

బాబు సంక్రాంతికి నాలుగు రోజుల ముందు పుట్టాడు. ఆ ఏడాది వదిన కూతురు బొమ్మల కొలువు కోసం నెల రోజుల ముందు నుంచే బొమ్మలకు రంగులు వేసుకుంది. ఇంట్లో పురుడు ఉండగా కొలువు పెట్టకూడదని ఆపించింది మా అత్తగారే. వదిన అత్తవారి ఇంటిపేరు వేరు, మా ఇంటిపేరు వేరు. బిడ్డ ఇంటిపేరు మాది. వదిన ఆ సంగతి గుర్తు చేసి, "వాడు దీనికి బావే అయితే, మా ఇంట్లో పిల్లకు పురుడు ఎందుకు పట్టించావమ్మా?" అని అడిగింది.

అత్తగారు చాలాసేపు పప్పు ఏరుతూనే ఉన్నారు. ఆ రోజు జవాబు చెప్పలేదు. నిన్న ఉదయం కాలెండరు దగ్గర నిలబడి, దీపావళి తరువాత యమ ద్వితీయ ఏ రోజు వచ్చిందో చూడమని నన్ను అడిగారు. రాఖీ కట్టడం మన పెద్దల నాటి ఆచారం కాదని, భగినీ హస్త భోజనం మనదని, ఆ రోజు పిల్ల చేత వాడికి అన్నం పెట్టించమని చెప్పారు. వాడు దాన్ని ఏమని పిలవాలో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

రాఖీ మాత్రం దేవుడి గూట్లోంచి ఆమే తీసి, పిల్ల పుస్తకాల సంచిలో పెట్టారు.